ముందు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవాలంటే (స్విఫ్ట్)

భీమిలి_రోడ్డు:
స్విఫ్ట్ పెట్రోలు, 2016 మోడల్, విశాఖలోనే తిరిగే బండి. 80 స్పీడులో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది. ఎడమ చక్రం లోపలి ప్యాడ్ 2 మి.మీ.కి వచ్చేసింది, అదే చక్రం బయటి ప్యాడ్ ఇంకా 5 ఉంది. కుడివైపు రెండూ 4 దగ్గర ఉన్నాయి. డిస్కుల అంచున గోరుకు తగిలే గట్టు ఏర్పడింది. షెడ్డులో అడిగితే డిస్కులు లేత్ పట్టించి (మెషీన్ మీద పైపొర చెక్కించి నునుపు చేయించి) ప్యాడ్లు వేస్తే చాలంటున్నారు. కొత్తవి కొని నేనే వేద్దామని ఉంది. జాకీ, స్టాండ్లు, సాకెట్ సెట్టు ఉన్నాయి. లేత్ పట్టించాలా, కొత్తవి వేయాలా? బిగించేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది?

17_పానా:
డిస్కుల కంటే ముందు ఆ ఎడమ క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) సంగతి చూడండి. లోపలి ప్యాడ్ 2, బయటిది 5 అంటే క్యాలిపర్ పక్కకు జరగడం లేదు. పిస్టన్ తోసిన ప్యాడే అరుగుతోంది, అవతలి వైపు లాగాల్సిన క్యాలిపర్ స్లైడ్ పిన్ను (అది అటూఇటూ జరగడానికి ఉండే కడ్డీ) దగ్గర పట్టేసింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. రబ్బరు బూటు చిన్నగా చిరిగినా లోపల తుప్పు పడుతుంది. దాన్ని వదిలేసి కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

రెండు పిన్నులూ బయటికి లాగి పాత గ్రీజు తుడిచేయండి. గుంటలు పడిన పిన్ను పారేయాలి, ఎమరీతో రుద్ది మళ్లీ వేయకండి. బూట్లు కొత్తవి వేయండి. గ్రీజు మాత్రం బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. కొన్ని క్యాలిపర్లలో ఒక పిన్ను చివర రబ్బరు బుష్ ఉంటుంది. ఏది పైదో ఏది కిందిదో ఫోటో తీసుకుని విప్పండి.

పిన్నులు బాగానే జరుగుతుంటే పిస్టన్ చూడాలి. పాత ప్యాడ్ అడ్డం పెట్టి జి-క్లాంపుతో నొక్కితే నెమ్మదిగా, ఒకే బిగువుతో లోపలికి పోవాలి. మధ్యలో ఆగినా, డస్ట్ బూటు వెనక తడి కనిపించినా సీల్ కిట్ వేయాల్సిందే.

మైక్రోమీటర్:
లేతా, కొత్తవా అన్నది మందం చెబుతుంది. డిస్కు మధ్య టోపీ భాగం మీదో అంచు మీదో కనీస మందం అంకె పోతపోసి ఉంటుంది. 20 మి.మీ. డిస్కుకు అది సాధారణంగా 18. వెర్నియర్‌తో కొలిస్తే దవడలు అంచు గట్టు మీద కూర్చుని ఎక్కువ చూపిస్తాయి, మోసపోకండి. మైక్రోమీటర్‌తో అంచుకు 10 మి.మీ. లోపల, చుట్టూ 8 చోట్ల కొలవాలి. ఒక చోటికీ ఇంకో చోటికీ 0.02 మి.మీ. తేడా ఉన్నా పెడల్‌లో తెలుస్తుంది. లేత్ పట్టాక కూడా కనీసం కంటే బాగా పైన మిగిలితేనే అది దండగ కాదు. గోరుకు తగిలే గట్టు ఉందంటే మీకు అంత మిగలదనే నా అంచనా. కొత్తవే వేయండి, అదీ రెండువైపులా. ఒక పక్కే మారిస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

హబ్బు_తుప్పు:
పైవాళ్లు చెప్పిందంతా సరే. కానీ కొత్త డిస్కు వేసిన కొన్నాళ్లకే వణుకు మళ్లీ వచ్చిందని డిస్కును తిట్టేవాళ్లలో చాలామంది హబ్బు (డిస్కు, చక్రం కూర్చునే భాగం) శుభ్రం చేయనివాళ్లే. హబ్బు ముఖం మీద చిన్న తుప్పు పెచ్చు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుంటుంది. వేసిన వెంటనే వణకదు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌ను రాసుకుంటూ ఆ చోట పలచబడి, కొన్ని వేల కిలోమీటర్లకు బయటపడుతుంది. వైర్ బ్రష్షుతో, ఎమరీతో హబ్బు మెరిసేదాకా రుద్దండి, స్టడ్ల మొదళ్ల చుట్టూ మరీ ముఖ్యం.

పాత డిస్కు రాకపోతే సుత్తితో బాది బేరింగు పాడుచేయకండి. టోపీ భాగంలో మరలున్న రెండు రంధ్రాలుంటాయి, వాటిలో 8 మి.మీ. బోల్టులు అటు కొంచెం ఇటు కొంచెం బిగిస్తే అదే ఊడి వస్తుంది. కొత్త డిస్కు మీది నూనెను బ్రేక్ క్లీనర్‌తో కడగండి. వీల్ నట్లతో తాత్కాలికంగా బిగించి డయల్ గేజితో (డిస్కు తిరుగుతుంటే ఎంత పక్కకు ఆడుతుందో చూపే ముల్లు మీటరు) చూడండి. 0.05 మి.మీ. లోపు ఆడితే మంచిదే. ఎక్కువ ఆడితే డిస్కును ఒక స్టడ్ పక్కకు తిప్పి పెట్టి మళ్లీ చూడండి, చాలాసార్లు అక్కడే సరిపోతుంది.

చక్రం నట్లు ఎయిర్ గన్‌తో వద్దు. ఎదురెదురుగా, రెండు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఈ సైజు కార్లలో 85–110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది.

భీమిలి_రోడ్డు:
అందరికీ థాంక్సండి. కొత్తవే ఆర్డర్ చేస్తున్నా, పిన్నుల కిట్టుతో సహా. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు బ్రేక్ ఆయిల్ పొంగదా? తర్వాత ఎయిర్ (బ్రేకు పైపుల్లో చేరిన గాలి) తీయాలా?

17_పానా:
మధ్యలో ఎవరైనా ఆయిల్ టాప్ అప్ చేసి ఉంటే పొంగుతుంది. ముందే డబ్బా లోంచి సిరంజితో కొంచెం లాగేయండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, తినేస్తుంది. నా పద్ధతైతే నిపుల్‌కి (క్యాలిపర్ మీద గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) పైపు తగిలించి, కొద్దిగా వదులు చేసి పిస్టన్ నొక్కడం. క్యాలిపర్‌లోని మురికి ఆయిల్ ఏబీఎస్ బ్లాకులోకి వెనక్కి పోకుండా బయటికే వస్తుంది. కాకపోతే అలా చేస్తే ఎయిర్ తీయాల్సిందే. నిపుల్ ముట్టుకోకపోతే అక్కర్లేదు. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఎలాగూ ఇప్పుడే మార్చేయండి, డబ్బా మూత మీద రాసిన గ్రేడే.

విప్పిన క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. బ్రాకెట్‌లో ప్యాడ్లు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద తుప్పు గీకకపోతే ప్యాడ్ బిగుసుకుపోయి ఎప్పుడూ డిస్కుకు రాసుకుంటూనే ఉంటుంది. చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

అంతా అయ్యాక, ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. వెనక్కి పోయిన పిస్టన్ ముందుకు వచ్చేదాకా మొదటి రెండు మూడు తొక్కుళ్లకు బ్రేకే ఉండదు. గేటు దాటుతూ గోడకు గుద్దేవాళ్లు ఇక్కడే గుద్దుతారు.

మైక్రోమీటర్:
బెడ్డింగ్ (కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒరిసి సర్దుకునేలా చేయడం) సంగతి ఎవరూ చెప్పలేదు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి, మధ్యస్థంగా తొక్కుతూ 8–10 సార్లు. పూర్తిగా ఆగకూడదు, వేడెక్కిన ప్యాడ్ ఆగిన చోటే డిస్కు మీద అచ్చు పడుతుంది. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టుకోకుండా నడిపి చల్లారనివ్వండి. మొదటి 200–300 కి.మీ. సడన్ బ్రేకులు వద్దు, అరకు ఘాట్ అసలే వద్దు. తప్పదంటే దిగేటప్పుడు రెండో గేరులో దిగండి. కిందికొచ్చాక వేడి డిస్కుల మీద నీళ్లు కొట్టించకండి.