పాత గోల్ఫ్ ఐరన్లు, కొత్త ఐరన్లు: కొనే ముందు ఎట్టా పోల్చుకోవాలి?

మైపాడు రోడ్డు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, రొయ్యల మేత వ్యాపారం. నాలుగేళ్ల కిందట చెన్నైలో డీలర్ల మీటింగుకు పోయినప్పుడు మొదటిసారి గోల్ఫ్ క్లబ్బు చేతిలోకి వచ్చింది, అప్పటి నుంచి వదల్లేదు. మన జిల్లాలో ఆడుకునే వసతి లేక నెలకు రెండు ఆదివారాలు తెల్లవారుజామున కారు తీసి హైవే ఎక్కి చెన్నై పోతా, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. మిగతా రోజుల్లో చెరువు గట్టు పక్కన పాత వలలు నాలుగు పొరలుగా కట్టుకుని అందులోకి కొడుతుంటా. హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 22.

నా దగ్గరున్న ఐరన్ల (లోహపు తల, నంబర్లు ఉండే క్లబ్బుల) సెట్టు మా మేనమామది. ఆయన అమెరికాలో ఉన్నప్పుడు 2003లో కొన్నాడు, 3 నంబర్ నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడేది) దాకా, స్టీల్ షాఫ్టులు (కడ్డీలు), వెనక గుంట ఉండే క్యావిటీ రకం. నాకు మొదటి పాఠాలు చెప్పింది కూడా ఆయనే. ఇప్పుడు ఆయన లేడు, అందుకే ఈ ప్రశ్న అడగడానికి కూడా మనసు కొంచెం ఆడడం లేదు.

పోయిన నెల చెన్నైలో ఒక షాపుకి పోతే అక్కడి అబ్బాయి కొత్త 7 నంబర్ ఇచ్చి కొట్టమన్నాడు. ముందు నా పాత 7తో పది బంతులు కొట్టించాడు, స్క్రీన్ మీద సగటు 138 గజాలు. తర్వాత కొత్తదానితో పది, సగటు 155. పదిహేడు గజాలు తేడా వచ్చేసరికి నాకు నోట మాట రాలేదు. 5 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఆరు క్లబ్బులకి లక్షా పది వేలు చెప్పాడు. నిజంగా ఇరవై ఏళ్లలో అంత మారిపోయిందా, లేక నేను చూడాల్సింది ఇంకేదైనా ఉందా? కొనే ముందు ఏం పోల్చుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు పెద్దాయన:

తమ్ముడూ, డబ్బు కట్టకుండా ఆగి అడిగావు, మంచి పని చేశావు. నాకు అరవై దాటాయి, మా అబ్బాయి ఉద్యోగం వల్ల ఏడాదిలో సగం వైజాగ్‌లో ఉంటా, ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్‌లో ఆడతా. నీకు జరిగిందే నాకూ జరిగింది, కాకపోతే నేను అడక్కుండా కొనేశా.

క్లబ్బు అడుగున ఉన్న 7 అనే అంకెకు కట్టుబాటు ఏమీ లేదు. ఏ కంపెనీ అయినా తనకు నచ్చిన లాఫ్ట్ (ముఖం వాలు, అది తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది) పెట్టి దాని మీద 7 అని వేసుకోవచ్చు, రూల్సులో ఎక్కడా అడ్డు లేదు. నీ మామయ్య కాలం నాటి క్యావిటీ ఐరన్లలో 7 నంబర్ ముఖం 34 డిగ్రీల దగ్గర వాలి ఉంటుంది. ఇప్పుడు దూరం కోసం చేసే ఐరన్లలో అదే 7 నంబర్ 28, 29, ఎక్కువలో ఎక్కువ 30. అంటే నీ సంచిలో ఉన్న 6 నంబరే వాళ్ల 7. పైగా షాఫ్టు కూడా ఓ పావు అంగుళం పొడుగు ఉండొచ్చు. నువ్వు పోల్చింది 7తో 7ని కాదు, 7తో 6ని. ఈసారి పోయినప్పుడు నీ పాత 6 తీసి కొత్త 7 పక్కన పెట్టి కొట్టు. షాపులో లాఫ్ట్ కొలిచే పనిముట్టు ఉంటుంది, నీ క్లబ్బులు కొలిచి చెప్పమను, ఐదు నిమిషాల పని.

దీంట్లో ఇంకో ఖర్చు దాగి ఉంది, నేను దెబ్బ తిన్నది అక్కడే. కొత్త సెట్టులో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు ఉందనుకో, నీ శాండ్ వెడ్జ్ (ఇసకలోంచి కొట్టేది) 56 అనుకో, మధ్యలో 13 డిగ్రీలు ఖాళీ. పాత సెట్టులో పిచింగ్ వెడ్జ్ 47 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది తెలియదు. నాకు వంద గజాల దగ్గర చేతిలో ఏ క్లబ్బూ సరిపోక ఆరు నెలలు ఏడ్చాను. చివరికి 49 డిగ్రీలది ఒకటి విడిగా కొన్నా. సంచిలో క్లబ్బులు 14కి మించకూడదు కదా, అందుకని పైనుంచి ఒకటి తీసెయ్యాల్సి వచ్చింది. కాబట్టి లక్షా పది వేలు అనుకోవద్దు, దాని మీద ఒక వెడ్జ్ కలిపి లెక్క వేసుకో.

గూడూరు ఇంజినీరు:

పెద్దాయన చెప్పింది నిజమే గానీ అంతటితో ఆపేస్తే కొత్త క్లబ్బులకి అన్యాయం చేసినట్టు అవుతుంది. లాఫ్ట్ తగ్గించినా బంతి పైకి లేవాలి, లేకపోతే ఎవరూ కొనరు. అందుకని కొత్తవాటిలో ముఖం పలుచన చేసి, బరువంతా అడుగుకి, అంచులకి తోశారు. దానివల్ల 29 డిగ్రీలతో కూడా బంతి లేస్తుంది, ముఖం మధ్యలో తగలకపోయినా మరీ చచ్చిపోదు. నెలకు రెండుసార్లు ఆడే మనలాంటి వాళ్లకి మధ్యలో తగిలేవి పదిలో ఎన్ని? మిగతావి ఎంత దూరం పోతున్నాయన్నదే అసలు లెక్క.

అందుకే అన్నా, సగటు ఒక్కటే చూడొద్దు. మూడు అంకెలు రాసుకోండి. ఒకటి, పది బంతుల్లో చెత్తగా తగిలిన మూడు ఎంత పోయాయి. రెండు, బంతి కిందికి దిగే కోణం. అది 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆగుతుంది, 38, 39 ఉంటే దొర్లుకుంటూ వెనకాల బంకర్లోకి (ఇసక గుంటలోకి) పోతుంది. మూడు, స్పిన్, అంటే బంతి గాల్లో గిర్రున తిరిగే వేగం. 155 గజాలు పోయి గ్రీన్ మీద ఆగని 7 నంబర్ మీకు స్కోరు కార్డు మీద ఏమీ ఇవ్వదు.

ఇంకో సంగతి, మీరు రాసిన వరసలోనే ఒక తప్పుంది. ముందు పాతది పది, తర్వాత కొత్తది పది. మూడు గంటలు కారులో కూర్చుని దిగి, ఒళ్లు బిగుసుకుని ఉన్నప్పుడు పాతది కొట్టారు, ఒళ్లు వేడెక్కాక కొత్తది కొట్టారు. ఎవరికైనా రెండోదే ఎక్కువ పోతుంది. పాతది రెండు, కొత్తది రెండు, మళ్లీ పాతది రెండు, అట్టా మార్చి మార్చి కొట్టండి. రెండిటికీ ఒకే రకం బంతి ఉండాలి. బాగా తగలనిది పక్కన తీసేస్తానని షాపు వాళ్లంటే ఒప్పుకోవద్దు, కోర్సులో ఎవరూ తీసెయ్యరు. షాపుల్లో చాప మీద కొట్టిస్తారు కదా, బంతి వెనకాల నేల తగిలినా చాప మీద క్లబ్బు జారుకుంటూ వచ్చి బంతిని కొట్టేస్తుంది, గడ్డి మీద అయితే అదే దెబ్బ అరవై గజాల్లో పడుతుంది. వీలైతే ఆ డెమో క్లబ్బు అడిగి తీసుకుని గడ్డి మీద ఒక్క గంట కొట్టి చూడండి.

డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే పెద్ద తల క్లబ్బు) సంగతి మీరు అడగలేదు గానీ చెప్తున్నా, రేపు అది కూడా అమ్మజూపుతారు. హెడ్డు సైజు 460 సీసీ దాటకూడదని 2004 నుంచే రూలు ఉంది, ముఖం ఎంత స్ప్రింగులా పనిచెయ్యొచ్చో దానికీ ఒక పైహద్దు ఉంది. కాబట్టి మధ్యలో తగిలితే పదిహేనేళ్ల నాటి మంచి డ్రైవరూ ఇప్పటిదీ పెద్ద తేడా ఉండవు, తేడా అంతా అంచుల్లో తగిలినప్పుడే. అంతకంటే పాతది, చిన్న హెడ్డుది అయితే మాత్రం ఐరన్ల కంటే ముందు దాన్నే మార్చండి.

కావలి గ్రిప్పులు:

అన్నా, ఒక చిన్న ప్రశ్న. మీ మామయ్య సెట్టుకి గ్రిప్పులు, అంటే చేత్తో పట్టుకునే చోట రబ్బరు తొడుగులు, ఎప్పుడు మార్చారు?

మైపాడు రోడ్డు (నెల్లూరు):

మార్చలేదండీ. ఆయన వాడినవే ఉన్నాయి. నల్లగా, గట్టిగా అయిపోయాయి, చెమట పడితే జారతాయి, అందుకే ఎండాకాలం రుమాలు పట్టుకుని తిరుగుతా.

కావలి గ్రిప్పులు:

అదే అనుకున్నా. నేను ఇంట్లోనే క్లబ్బులు బాగుచేసుకుంటా, తెలిసినవాళ్లకి కూడా చేసిపెడతా. ఇరవై ఏళ్ల గ్రిప్పు రబ్బరు గట్టిపడి చెక్కలా తయారవుతుంది. అది చేతిలో తిరగకుండా ఉండటానికి మనం తెలియకుండానే గట్టిగా పిసుకుతాం, పిసికితే ముంజేతులు బిగుస్తాయి, క్లబ్బు వేగం పడిపోతుంది. షాపులో కొత్తదానికి మెత్తటి కొత్త గ్రిప్పు ఉంది, మీదానికి ఈ చెక్క ఉంది. పెద్దాయన చెప్పిన లాఫ్టుతో పాటు ఇది కూడా ఆ పదిహేడు గజాల్లో కొంత తిని ఉంటుంది. ముందు గ్రిప్పులు మార్చండి, తర్వాత పోల్చండి. పాతది కోసి తీసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, టర్పెంటైన్ పోసి కొత్తది తొడగడమే, ఒక రాత్రి ఆరనిస్తే పొద్దున ఆడుకోవచ్చు.

రెండోది షాఫ్టులు. పైన తళతళలాడినా స్టీల్ షాఫ్టు లోపల తుప్పు పట్టి ఉండొచ్చు, మనది సముద్రపు గాలి, మీరేమో మైపాడు వైపు. గ్రిప్పు తీసినప్పుడు పైనుంచి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. క్లబ్బుని తలకిందులుగా పట్టుకుని ఆడిస్తే లోపల గరగరమని ఏదైనా కదిలినా అనుమానించాలి. హెడ్డు కాస్త మెలితిప్పి చూడండి, కదిలితే లోపలి జిగురు వదిలేసినట్టు. మే నెలలో మన ఎండకి కారు డిక్కీలో నెలల తరబడి పడేసి ఉంచితే ఆ జిగురు దెబ్బతింటుంది, ఇంట్లో పెట్టుకోండి.

మూడోది, ఇది కచ్చితంగా మార్చాల్సింది, శాండ్ వెడ్జ్. అది కూడా 2003దే అయితే ముఖం మీది గాళ్ల (గీతల్లాంటి గాడుల) అంచులు అరిగిపోయి ఉంటాయి. ఐరన్లు ఇరవై ఏళ్లు వస్తాయి గానీ వెడ్జ్ రాదు, ఇసకలో వాడేది కాబట్టి. గోటితో గాడి అంచు మీద గీరండి, గోరు పట్టుకోకుండా జారిపోతే దాని పని అయిపోయినట్టే. 2010 నుంచి తయారయ్యే క్లబ్బులకి గాళ్ల విషయంలో రూలు బిగించారు, పాతవాటిలో గాళ్లు పదునుగా ఉండేవి కదా, అవే మేలని కొందరు ఇంకా పట్టుకుని ఉంటారు. పదును ఉన్నప్పటి మాట అది. అరిగిన పాతదాని కంటే కొత్త రూలు ప్రకారం చేసిన కొత్త వెడ్జే బంతిని బాగా ఆపుతుంది.

మైపాడు రోడ్డు (నెల్లూరు):

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నా, మేత సీజను, కుదర్లేదు. మీరు చెప్పినట్టే మళ్లీ పోయి చేశా. గ్రిప్పులు ఇంకా మార్చలేదు, అది ముందే చెప్పేస్తున్నా.

లాఫ్టులు కొలిపించా. నా 7 నంబర్ 34, నా 6 నంబర్ 31, వాళ్ల కొత్త 7 నంబర్ 29. అది చూడగానే సగం సంగతి అర్థమైపోయింది. పాత 6, కొత్త 7 మార్చి మార్చి పదేసి కొట్టా. పాత 6 సగటు 147, కొత్త 7 సగటు 153. పదిహేడు కాస్తా ఆరైంది. కానీ గూడూరు తమ్ముడు చెప్పినట్టు చెత్త బంతులు చూస్తే అక్కడ తేడా గట్టిగా ఉంది. పాతదానితో చెడగొట్టిన మూడూ 122, 126, 130. కొత్తదానితో 138, 141, 141. దిగే కోణం పాతదానికి 40, కొత్తదానికి 42. పక్కలకి పోవడం మాత్రం రెండిటికీ ఒకటే, నా కుడి వైపు వంకర ఏ క్లబ్బూ సరిచేయదు.

ఆ షాపులోనే మూడేళ్లు వాడిన సెట్టు ఒకటి ఉంది, ఇదే రకం, ముందటి మోడల్, గ్రిప్పులు బాగానే ఉన్నాయి. కొత్తదాని రేటులో సగానికి ఇస్తామన్నారు. దాని మీద కూడా మూడు బంతులు కొట్టి చూశా, నా చేతికి కొత్తదానికీ దీనికీ తేడా తెలియలేదు. పెద్దాయనా, దాంట్లో పిచింగ్ వెడ్జ్ 44 ఉంది, మీరు చెప్పిన ఖాళీ ఉంటుంది, 50 ఒకటి చూసుకోవాలి. ఇది తీసుకోవచ్చంటారా? అదే సెట్టు ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకు ఒకచోట కనిపించింది.

ఒంగోలు పెద్దాయన:

షాపుదే తీసుకో తమ్ముడూ. ఆన్‌లైన్‌లో బాగా తక్కువకు కనిపించేవాటిలో నకిలీలు కలుస్తాయి, రంగు, అక్షరాలు అచ్చం అట్టాగే ఉంటాయి, కంటితో పట్టుకోలేం. క్లబ్బు మెడ దగ్గర సీరియల్ నంబరు ఉందో లేదో చూసి, దాన్ని కంపెనీకి పంపి అడిగితే చెప్తారు. టైటానియం డ్రైవర్ అని అమ్మేదాని హెడ్డుకి, బరువు స్క్రూలు లేని చోట అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే అది టైటానియం కాదు. ఐరన్లకి ఆ పరీక్ష పనికిరాదు, అవి మామూలుగానే స్టీలు. చేత్తో పట్టుకుని, కొట్టి చూసి కొన్నదానికి ఈ గోల ఉండదు.

మీ మామయ్య సెట్టు అమ్మొద్దు, ఎట్టాగూ దానికి పెద్ద ధర రాదు. ఆ 6 నంబర్ చెరువు గట్టు మీద వలలోకి కొట్టడానికి ఉంచుకో. చిన్న హెడ్డుతో రోజూ యాభై బంతులు కొడితే మధ్యలో తగిలించడం వస్తుంది.

గూడూరు ఇంజినీరు:

నేనూ అదే చెప్తా. ఒక్కటి అన్నా, షాఫ్టు స్టిఫ్ (తక్కువ వంగేది) ఉందో రెగ్యులర్ (కాస్త ఎక్కువ వంగేది) ఉందో చూసుకున్నారా? ఆ సెట్టు ముందు వాడినవాడు మీకంటే గట్టిగా కొట్టేవాడైతే అతని షాఫ్టులు మీకు బరువు పడతాయి. మొదటి తొమ్మిది హోల్సులో తెలియదు, పద్నాలుగో హోల్‌కి వచ్చేసరికి చేతులు పడిపోతాయి.

మైపాడు రోడ్డు (నెల్లూరు):

రెగ్యులరే, చూశా. సరే, ఈ ఆదివారం అడ్వాన్సు కట్టి వస్తా. మామయ్య సెట్టుకి గ్రిప్పులు మాత్రం వేయించాలని ఉంది. కావలి అన్నా, మీ దగ్గరికి తీసుకురావచ్చా? 3 నంబర్ నుంచి ఉన్నాయి, మొత్తం ఎనిమిది.

కావలి గ్రిప్పులు:

తప్పకుండా తీసుకురండి. శనివారం సాయంత్రం ఇచ్చేస్తే రాత్రికి తొడిగి ఆరబెడతా, ఆదివారం పొద్దున తీసుకుపోవచ్చు. గ్రిప్పులు మీరే కొని తేవాలి, మీ చేతి గ్లవ్ సైజు చెప్తే ఏ లావువి తేవాలో చెప్తా. షాఫ్టుల్లోకి టార్చి వేసి ఇద్దరం కలిసే చూద్దాం.