డిడ్ పెడితే వెంట్ ఎందుకు రాకూడదు? హూ కేమ్‌లో డిడ్ ఎందుకు లేదు?

పర్లాకిమిడి_అమ్మాయి:
నమస్తే అండీ, మాది పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు బయట ఒడియా, ఇప్పుడు ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీష్ మాట్లాడ్డం ప్రాక్టీస్ చేస్తన్నాను. అయిపోయిన సంగతి అడగాలంటే డిడ్ పెట్టాలని తెలుసు గానీ 'డిడ్ యూ వెంట్' తప్పంటారు, పోనీ ప్రతిదానికీ డిడ్ పెడదామంటే 'హూ కేమ్ యెస్టర్‌డే'లో అసలు ఉండదు. దీనికి లెక్కేటి?

గుణుపూర్_మాస్టారు:
అమ్మా, మనం 'వచ్చావు'కి దీర్ఘం తీస్తే 'వచ్చావా' అయిపోద్ది, ఒడియాలో 'తుమే ఆసిల' చివర 'కి' తగిలిస్తే చాలు, మాటల వరస కదలదు, కాలం క్రియలోనే ఉండిపోద్ది. ఇంగ్లీషులో అలా కాదు, ప్రశ్న వేశామంటే ఆ కాలం క్రియలోంచి డిడ్‌లోకి వెళ్లిపోద్ది, ఆ డిడ్ కర్త ముందుకొచ్చి కూర్చుంటది, వెనక మిగిలేది ఉత్త 'గో'. 'వెన్ డిడ్ ఒరిస్సా బికమ్ ఎ సెపరేట్ ప్రావిన్స్?' 1936లో. చూశావా, బికేమ్ కాదు, బికమ్. ఇప్పుడు 'హూ బికేమ్ ది ఫస్ట్ ప్రీమియర్?' అని అడుగు, ప్రీమియర్ అంటే అప్పట్లో ముఖ్యమంత్రి లాంటి పదవి, మీ ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి గారే, 1937లో. ఇక్కడ మనం అడుగుతున్నదే కర్త గురించి, ఆ హూ ఎలాగూ మొదట్లోనే ఉంది, జరపాల్సిందేమీ లేదు కాబట్టి డిడ్‌తో పన్లేదు. 'వాట్ హ్యాపెన్డ్' కూడా అంతే. అదే 'హూ డిడ్ యూ మీట్' అంటే కర్త యూ, ఎవర్ని కలిశావని అడగడం, అందుకే డిడ్ వచ్చింది. వాజ్, వర్ ఉంటే మాత్రం అవే ముందుకొస్తాయి, 'వేర్ వర్ యూ'.

రాయగడ_కుర్రాడు:
మాస్టారు బాగా చెప్పేరు. అక్కా ఇంకోటి, స్టేషన్‌లో మర్యాదగా 'కెన్ యూ టెల్ మీ' అని మొదలెడతాం కదా, తర్వాత 'వెన్ ది ట్రెయిన్ లెఫ్ట్' అనే అనాలి, డిడ్ రాదు, ప్రశ్న ముందే 'కెన్ యూ' దగ్గర అయిపోయింది. నన్నడిగితే బాగా మాట్లాడేవాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

పర్లాకిమిడి_అమ్మాయి:
చాలా థాంక్స్ మాస్టారూ, తమ్ముడూ. మరి 'వెన్ హావ్ యూ కమ్' అనొచ్చా?

గుణుపూర్_మాస్టారు:
అనకూడదమ్మా. 'హావ్ యూ ఈటెన్' అంటే తిన్నావా, ఇప్పటికి ఆ పని అయిందా అని. ఎప్పుడు అని టైము అడిగినా, యెస్టర్‌డే లాంటి మాట పెట్టినా డిడ్డే, 'వెన్ డిడ్ యూ కమ్'. రోజూ రాత్రి ఇంట్లోవాళ్లని 'వాట్ డిడ్ యూ డూ టుడే' అని అడుగుతుండు, అందులో డిడ్ కాలానికి, డూ పనికి, రెండూ ఉండాల్సిందే.