శాలువా కప్పితే సరిపోతుందా? విద్యార్థుల సదస్సుకు పిలిచే కళాకారులకు డబ్బు ఇవ్వాలా, వద్దా

పీజీ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మేం పన్నెండు మంది విద్యార్థులం కలిసి ఫిబ్రవరిలో కళల నిర్వహణ మీద శని, ఆదివారాల్లో సదస్సు పెడుతున్నాం. హాలు, మైకు డిపార్ట్‌మెంట్ ఇచ్చింది, మిగతా తిప్పలన్నీ మావే. రిజిస్ట్రేషన్ 200, ఓ 150 మంది వస్తే 30 వేలు. ఒక బ్యాంకు బ్రాంచి వాళ్లు 25 వేలు ఇస్తామన్నారు, ఇంకా చేతికి రాలేదు. భోజనాలకు 30 వేలు, బ్యాగులు, ఫ్లెక్సీలు, సర్టిఫికెట్లకు 13 వేలు పోతే మిగిలేది 12 వేలు. ఆదివారం సాయంత్రం ఒగ్గు కథ, అంటే డోలు కొడుతూ మల్లన్న లాంటి దేవుళ్ల కథలు చెప్పే జానపద కళ, పెట్టాలనుకున్నాం. జనగామ వైపు బృందం, ఆరుగురు. పెద్దాయన 18 వేలు అడిగారు. కమిటీలో సగం మంది "మనం విద్యార్థులం, శాలువా, మెమెంటో, దారి ఖర్చులు చాలు" అంటున్నారు. నాకు మింగుడు పడట్లేదు, ఎందుకంటే మా రెండో సెషన్ పేరే "కళాకారుల జీవనోపాధి". మీరేమంటారు?

పరిషత్తు పాతకాపు:
తమ్ముడూ, మీ స్నేహితులు అన్నదాంట్లో తప్పేం లేదు. గుంటూరు వైపు నాటక పోటీలు పెట్టే పరిషత్తులకు నాటకాలు పట్టుకుని ఇరవై ఏళ్లు తిరిగాం, వాళ్లిచ్చింది సెట్టు సామాను లారీకే సరిపోయేది కాదు, అయినా వెళ్లాం. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకు మహామహులు వచ్చి పాడతారు, ఎవరైనా రేటు మాట్లాడుకుంటారా? అన్నీ డబ్బుతో కొలిస్తే ఇక విద్యార్థులు ఏ కార్యక్రమమూ పెట్టలేరు.

జనగామ పిల్ల:
అన్నా, తిరువయ్యారు లెక్క వేరు. అక్కడ పాడేవాళ్లలో చాలామంది డిసెంబరంతా మద్రాసు సభల్లో కచేరీలు చేసుకుని వస్తారు, అక్కడ పాడే పంచరత్న కీర్తనలు త్యాగయ్యకు చెల్లించుకునే మొక్కు. ఈ కుర్రాళ్ల సదస్సు ఆ పెద్దాయనకు గురువూ కాదు, దేవుడూ కాదు. ఇంకోటి ఎవరూ ఆలోచించలేదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర, ఆదివారమే అసలు రద్దీ. పట్నాలు (మల్లన్న పూజకు రంగుల ముగ్గులు) వేయాలన్నా, కథ చెప్పాలన్నా ఒగ్గు వాళ్లకు చేతినిండా పని ఉండే రోజులవి. మీరు సరిగ్గా ఆ ఆదివారమే పిలిచి శాలువా ఇస్తామంటున్నారు!

మా ఊరి ఒగ్గు బృందాన్ని ఓసారి ఇలాగే ఒక సంస్థ వాళ్లు పిలిపించుకున్నారు. డోలు తోలు చలికి సాగిపోయి మోగట్లేదని హాలు వెనక ఎండుటాకులు మంటేసి కాచుకుంటుంటే వాచ్‌మన్ వచ్చి ఆర్పేశాడు. చివర్లో శాలువాలు కప్పారు. తిరుగు ప్రయాణంలో తుఫాన్ జీపుకు డీజిల్ డబ్బులు వాళ్లే తలా ఇంత వేసుకున్నారు. "శాలువాలు పెట్టెనిండా ఉన్నాయి బిడ్డా, తోలు మార్చుకోనీకి పైసల్లేవు" అన్నాడు మా తాత వరస ఆయన.

లెక్కల మాస్టారు:
పన్ను భయం ఎవరైనా పెడితే నమ్మకండి. జానపద, శాస్త్రీయ ప్రదర్శనకు కళాకారుడు తీసుకునేది లక్షన్నర దాటకపోతే దాని మీద జీఎస్టీ లేదు. నాటకం, కచేరీ టికెట్టు 500 లోపు ఉంటే దానికీ లేదు. సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు, అని కూడా ఎవరో అంటారు చూడండి, కంపెనీల చట్టం 2013లో కళలు, సంస్కృతి ఉన్న మాట నిజమే, కానీ ఆ డబ్బు తీసుకునే సంస్థకు నమోదు ఉండాలి, విద్యార్థి కమిటీ చేతికి నేరుగా రాదు. అందుకే అది వదిలేసి ఉన్న లెక్క చూడండి బాబూ. ఆ 13 వేలల్లో బ్యాగులు ఎంత?

పీజీ కుర్రాడు:
జూట్ బ్యాగులు, ఒక్కోటి 60, మొత్తం 9 వేలు సార్.

లెక్కల మాస్టారు:
పన్నెండూ తొమ్మిదీ ఇరవై ఒకటి. పెద్దాయనకు పద్దెనిమిది ఇచ్చినా మూడు వేలు మిగులుతాయి.

పరిషత్తు పాతకాపు:
బ్యాగు లేని సదస్సుకు డెలిగేట్లు వస్తారా మాస్టారూ? సరే, ఒకటి ఒప్పుకుంటాను, సురభి నాటక సమాజం వాళ్లు 1885లో కీచక వధతో మొదలుపెట్టి తరతరాలుగా కుటుంబాలతో సహా టికెట్టు మీదే బతికారు. ఊరికే ఆడి ఉంటే ఈపాటికి మిగిలేవాళ్లు కాదు. కానీ డబ్బిచ్చేవాడు పాట మారుస్తాడు, అదీ చూడండి. ప్రభుత్వం పెట్టిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు, మంచిదే, మరి వాళ్లు ఎక్కువగా పాడింది ప్రభుత్వ పథకాల పాటలు కాదా?

జనగామ పిల్ల:
ఆ మాట నిజం. అయితే 18 వేలకు ఎవరూ పాట మార్చరు, అన్నా. నాకు అసలు మండేది కళాకారులను చర్చకు కాకుండా "సాయంత్రం" వినోదానికే పిలుస్తున్నందుకు. జీవనోపాధి సెషన్‌లో వేదిక మీద ఎవరు కూర్చుంటున్నారు తమ్ముడూ? వాళ్లకేం ఇస్తున్నారు?

పీజీ కుర్రాడు:
ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక ఈవెంట్ కంపెనీ ఆయన. ముఖ్య వక్తకు విమానం టికెట్టు డిపార్ట్‌మెంటే పెట్టుకుంటోంది. ఆయన్ని శాలువాకు రమ్మని అడగాలని మాలో ఎవరికీ తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పీజీ కుర్రాడు (రెండు రోజుల తర్వాత):
పెద్దాయనకు ఫోన్ చేసి ఆ సెషన్‌లో మాట్లాడతారా అని అడిగాను. వస్తానన్నారు. డబ్బు ఓ రెండు వేలు తగ్గిస్తాను గానీ కథను ఇరవై నిమిషాలకు కుదించమంటే మాత్రం రానన్నారు, గంటన్నర కావాలట. డోలు కాచుకోవడానికి హాలు వెనక చోటు అడిగి పెట్టాను. కమిటీలో ఏడుగురు సరేనన్నారు. బ్యాగుల సంగతే తేలలేదు, మా సార్ వాటి మీద వేయించాల్సిన లోగో నిన్ననే పంపించేశారు.