వారానికి 28 గంటలే ఇస్తారట, ఇన్సూరెన్స్ లేదట. ఏది ఒప్పుకోవాలి?

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి:

అందరికీ నమస్కారం. జనవరి చివర్లో నేనూ మావారూ గ్రీన్ కార్డు మీద ఇక్కడికొచ్చాం. ఆయన తన చదువుకి తగ్గ ఉద్యోగం కోసం చూస్తున్నారు, ఇంకా దొరకలేదు. నన్ను మాత్రం రెండు చోట్ల రమ్మంటున్నారు. ఒకటి పెద్ద చెయిన్ స్టోర్. గంటకి 11 డాలర్లు, కానీ వారానికి 28 గంటలు మించనివ్వరట, హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదట. గంటలు పెంచుతారా అని అడిగితే పాలసీ ఒప్పుకోదన్నారు. రెండోది తెలిసినవాళ్ల కిరాణా కొట్టు. వారానికి 45 గంటలు, గంటకి 8 డాలర్లు, చేతికి క్యాష్. మొదటిదాంట్లో వారానికి 308, రెండోదాంట్లో 360 వస్తాయి కాబట్టి రెండోదే నయమంటున్నారు మావారు. నాకెందుకో మనసొప్పట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లేనో, టెక్సాస్ నుంచి:

అమ్మా, పేరోల్, అంటే జీతాల లెక్కలు చూడటమే నా ఉద్యోగం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఆ 28 మేనేజరు ఇష్టానికి పెట్టిన అంకె కాదు. 2010లో వచ్చిన అఫోర్డబుల్ కేర్ యాక్ట్, అదే అందరూ ఒబామా కేర్ అనేది, 50 మంది, ఆపైన ఫుల్ టైమ్ లెక్కకొచ్చే కంపెనీలు తమ ఫుల్ టైమ్ వాళ్లకి ఇన్సూరెన్స్ ఇవ్వజూపాలి, లేదంటే జరిమానా కట్టాలి అంటుంది. ఆ చట్టం దృష్టిలో ఫుల్ టైమ్ అంటే వారానికి సగటున 30 గంటలు, లేదా నెలకి 130. అందుకే చాలా స్టోర్లు 28, 29 దగ్గర ఆపేస్తాయి. ఒక్కో వారం ఎవరైనా సెలవు పెట్టినప్పుడు మీకు 34 గంటలు పడొచ్చు, దాంతో మీరు ఫుల్ టైమ్ అయిపోరు. గంటలు మారుతూ ఉండే వాళ్లకి కొన్ని నెలల సగటు తీసి చూస్తారు, అది ఏడాది దాకా కూడా ఉండొచ్చు. ఆ సగటు 30కి చేరితే మాత్రం తర్వాతి కాలానికి ఇన్సూరెన్స్ ఆఫర్ ఇవ్వాల్సిందే. కాబట్టి ప్రతి వారం గంటలు మీరే ఒక పుస్తకంలో రాసుకోండి. చేరేటప్పుడే "సగటు ఎన్ని నెలలకి చూస్తారు?" అని హెచ్‌ఆర్‌ని అడగండి. ఇది అడగడంలో మొహమాటం ఏమీ వద్దు.

ఇక కొట్టు సంగతి. వారానికి 40 గంటలు దాటితే ఏమివ్వాలన్నది వేరే చట్టం, 1938 నాటిది. కనీస వేతనం, ఓవర్‌టైమ్ రెండూ దాంట్లోవే. ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి గంటకి 7.25 దగ్గరే ఉంది, టెక్సాస్‌లో అదే. కాబట్టి ఆ కొట్టువాళ్లు ఇచ్చే 8 చట్టానికి లోబడే ఉంది. తేడా ఓవర్‌టైమ్‌లో ఉంది. 40 దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు, అంటే 12 డాలర్లు ఇవ్వాలి. నలభై గంటలకి 320, పై అయిదు గంటలకి 60, మొత్తం 380. మీకు 360 అంటున్నారంటే వారానికి 20 డాలర్లు ఎగ్గొడుతున్నట్టే. ఏడాదికి వెయ్యి దాటుతుంది. తెలిసినవాళ్లే కావొచ్చు, కష్టం మీది.

క్యాష్ ఇవ్వడం తప్పు కాదు. పే స్టబ్ (జీతం చీటీ), డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన టాక్స్ చూపించే కాగితం) లేకుండా ఇవ్వడం తప్పు. కాగితం లేకపోతే మీ సోషల్ సెక్యూరిటీ, అంటే ముసలితనంలో వచ్చే పెన్షన్ ఖాతాలో ఏమీ పడదు. రేపు ఉద్యోగం పోతే ప్రభుత్వం ఇచ్చే భృతికి, అదే అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి చూపించడానికి ఏమీ ఉండదు. కొందరు "1099 ఇస్తాంలే" అంటారు, అది కాంట్రాక్టర్లకిచ్చే కాగితం. వేళలు వాళ్లు చెప్పి, పని వాళ్లు చేయించుకుంటూ ఉంటే మీరు కాంట్రాక్టరు కారు, ఉద్యోగే. 1099కి ఒప్పుకుంటే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ మీ నెత్తిన పడుతుంది, ఓవర్‌టైమ్ ఉండదు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

ఓనరు వైపు మాట కూడా ఒకటి వినండి. మాకు రెస్టారెంట్ ఉంది. ఇక్కడ కనీస వేతనం 15 డాలర్లు దాటింది, నది దాటితే పెన్సిల్వేనియాలో ఇప్పటికీ 7.25. ఈ జీతం పెరిగినప్పుడల్లా నేను ఏ ఒక్కరినీ తీసెయ్యలేదు. కానీ మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా మూసెయ్యడం మొదలుపెట్టాను, గిన్నెల దగ్గర ఒకరిని తగ్గించుకున్నాను, అంటే వెళ్లిపోయినతని చోట్లో మళ్లీ ఎవరినీ పెట్టుకోలేదు. ఉద్యోగాలు పోవడం అంటే బయటివాళ్లు ఊహించేది గెంటెయ్యడం. మా దగ్గర అది గంటల్లో, కొత్తవాళ్లని తీసుకోకపోవడంలో కనబడుతుంది. ఉన్నవాళ్లు మాత్రం నిలకడగా ఉంటున్నారు. ఇదివరకు నెలకొకరికి పని నేర్పేవాణ్ణి, ఇప్పుడు ఆ బాధ తగ్గింది. నా మటుకు నాకు అది చిన్న లాభం కాదు.

50 మంది గీత గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. అందరినీ పార్ట్ టైమ్ పెట్టుకుంటే 50 లోపే ఉండొచ్చనుకుంటారు. అలా కుదరదు. పార్ట్ టైమ్ వాళ్ల నెల గంటలన్నీ కూడి 120తో భాగిస్తారు, వచ్చినంతమంది ఫుల్ టైమ్ కింద లెక్క. రెండో బ్రాంచి వేరే ఎల్‌ఎల్‌సీ పేరు మీద పెట్టినా ఓనరు ఒక్కరే అయితే రెండూ కలిపే చూస్తారు. రెండో బ్రాంచి పెట్టాలని నేను లెక్కలు వేసుకున్నప్పుడు నన్ను ఆపింది ఇదే. గీత దాటి ఎవరికీ ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే 2025 లెక్క ప్రకారం ఏడాదికి ఒక్కో ఫుల్ టైమ్ ఉద్యోగికి 2,900 డాలర్ల జరిమానా, మొదటి 30 మందిని వదిలేసి. ఇంతా చెప్పి ఆ కిరాణా కొట్టు ఓనరుని వెనకేసుకు రాను. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టడానికి చిన్న వ్యాపారం అన్నది సాకు కాకూడదు.

సియాటిల్ నుంచి:

కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్నదాని మీద ఇక్కడ ఎడతెగని వాదన. 1992లో న్యూజెర్సీ 4.25 నుంచి 5.05కి పెంచినప్పుడు ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అటు పెన్సిల్వేనియా ఫాస్ట్ ఫుడ్ షాపులతో పోల్చి చూశారు, ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనబడలేదు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. మా ఊళ్లో 15 డాలర్ల దిశగా పెంచుతున్నప్పుడు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు 2017లో చేసిన పరిశీలనలో తక్కువ జీతాల వాళ్లకి గంటలు తగ్గాయని తేలింది. ఎడిసన్ అన్నయ్య చెప్పింది దానికి దగ్గరగా ఉంది. నా అభిప్రాయం అడిగితే, ఇన్సూరెన్స్‌ని ఉద్యోగానికి ముడిపెట్టడమే అసలు చిక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది. పనివాళ్లని ఆకర్షించడానికి కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. తర్వాత దానికి టాక్స్ మినహాయింపు కూడా స్థిరపడింది. అప్పటి ఏర్పాటు ఇవాళ ఇర్వింగ్‌లో ఒకమ్మాయి గంటల్ని 28 దగ్గర ఆపుతోంది. హవాయిలో 1974 నుంచి వారానికి 20 గంటలు చేసేవాళ్లకి కూడా ఇన్సూరెన్స్ ఇవ్వాలన్న చట్టం ఉంది, అదొక్కటీ మినహాయింపు.

ఇర్వింగ్ నుంచి:

అందరికీ ధన్యవాదాలు. మావారికి చదివి వినిపించాను, ఓవర్‌టైమ్ లెక్క విని ఆయనా ఆలోచనలో పడ్డారు. స్టోర్‌లోనే చేరదామనుకుంటున్నాను. మరి ఇన్సూరెన్స్ ఎక్కడ తీసుకోవాలి? తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ వస్తుందా?

ప్లేనో నుంచి:

మెడికెయిడ్ రాదమ్మా. గ్రీన్ కార్డు వచ్చాక చాలామందికి అయిదేళ్లు ఆగాలి, పైగా టెక్సాస్ దాన్ని తక్కువ ఆదాయమున్న మామూలు వయోజనులకి విస్తరించలేదు. మీకున్న దారి మార్కెట్‌ప్లేస్, అంటే ఇన్సూరెన్స్ ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్. దాంట్లో 2026 నుంచి కొత్త మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. 2025 వరకు మీలాంటి కొత్త గ్రీన్ కార్డు వాళ్లకి ఆదాయం పేదరిక రేఖ కింద ఉన్నా ప్రీమియంలో సాయం దొరికేది. 2025 జులైలో వచ్చిన చట్టంతో 2026 జనవరి నుంచి అది పోయింది. ఇద్దరున్న ఇంటికి 2026 కవరేజీకి లెక్కలోకి తీసుకునే రేఖ ఏడాదికి 21,150 డాలర్లు. మీరొక్కరే మార్చి నుంచి వారానికి 308 సంపాదిస్తే డిసెంబరుకి 13,000 పైచిలుకే అవుతుంది, రేఖ అందదు. సాయం లేకుండా పూర్తి ప్రీమియం కట్టడం మీ ఇద్దరికీ తలకి మించిన భారం.

అందుకని మీవారికి నా మాటగా చెప్పండి. చదువుకి తగ్గ ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండకుండా, ఇప్పుడే ఏదైనా డబ్ల్యూ-2 పార్ట్ టైమ్‌లో చేరమనండి. వారానికి ఇరవై గంటలు, గంటకి 11 చొప్పున వచ్చినా ఇద్దరిదీ కలిపి ఆ రేఖ దాటుతుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, పెద్ద ఉద్యోగం వెతుక్కోవడానికి మధ్యాహ్నాలు ఎలాగూ ఉంటాయి. ఆదాయం అంచనా నిజంగా వస్తుందని నమ్మకం ఉన్నదే రాయండి, కాగితాలు అడుగుతారు. క్యాష్ పని అయితే అప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు, నేను ఆ కొట్టు వద్దనడానికి పెద్ద కారణం ఇది.

ఇక తొందర. మామూలు నమోదు గడువు జనవరి 15తో అయిపోయింది, కానీ బయటి దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి వచ్చిన రోజు నుంచి 60 రోజులు ప్రత్యేకంగా ఇస్తారు. మీరు జనవరి చివర్లో దిగారంటే మార్చి నెలాఖరుకి అది మూసుకుపోతుంది. ప్లాన్ ఎంచుకున్న మరుసటి నెల ఒకటో తారీకు నుంచి కవరేజీ మొదలవుతుంది. ఈ శనివారం ఇద్దరూ కూర్చుని నింపండి. గ్రీన్ కార్డులు, పాస్‌పోర్టులో ఎంట్రీ స్టాంపు, స్టోర్ వాళ్లిచ్చిన ఆఫర్ లెటర్ దగ్గర పెట్టుకోండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, సాయంత్రం ఏడు తర్వాత చూస్తాను.