సింగ్‌నగర్ నుంచి గవర్నర్‌పేటకి రోజూ వెళ్లడానికి పాత సైకిల్: ఈ రెండిట్లో ఏది కొనమంటారు?

సింగ్‌నగర్ సుజాత:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్లు రాస్తాను. దూరం నాలుగైదు కిలోమీటర్లకి మించదు. ఇన్నాళ్లూ షేర్ ఆటోలోనే వెళ్తున్నాను కానీ పొద్దున పూట అందులో చోటు దొరకడమే ఒక టెన్షన్. స్కూటీ మావారు తీసుకెళ్తారు. ఇంకో బండి కొనే ఉద్దేశం లేదు, అందుకే పాత సైకిల్ చూస్తున్నాను. మూడు వేలు అనుకున్నాను, మరీ నచ్చితే నాలుగు.

ఒకటి ఇంజినీరింగ్ కుర్రాడిది, హాస్టల్ ఖాళీ చేస్తున్నాడట. గేర్లు, ముందు షాకబ్జర్బర్లు, లావు టైర్లు. నాలుగు వేలు చెప్పాడు. రెండోది మా వెనక వీధి వాళ్లమ్మాయిది, గేర్లు లేని లేడీస్ సైకిల్. బుట్ట, క్యారియర్, చైన్ కవర్ అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయికి పెళ్లయి వెళ్లిపోయాక మూలన పడేశారు. రెండు వేలు అడుగుతున్నారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది.

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. చుడీదార్లే వేసుకుంటాను. నా భయమల్లా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ గురించే. టెన్త్ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు, గేర్లు లేకపోతే ఎక్కగలనా?

పటమట కుర్రోడు:

అక్కా, కళ్లు మూసుకుని గేర్లది తీసేసుకో. గేర్లు లేకుండా ఆ ఫ్లైఓవర్ ఎక్కితే చుక్కలు కనిపిస్తాయి. బేరమాడితే మూడున్నరకి ఇస్తాడు, ఖాళీ చేసే తొందర వాడిది.

బందరు సైకిల్ షాపు:

కళ్లు మూసుకుని ఏదీ తీసుకోవద్దమ్మా. పాత సైకిల్లో గేర్లున్నాయా లేదా అన్నది ఆఖర్న చూసే సంగతి. తిరిగేవన్నీ సరిగ్గా తిరుగుతున్నాయా, ఇన్నాళ్లూ దాని మీద ఏం జరిగింది, ముందు అవి చూడాలి.

వెనక వీధి వాళ్లని ఒకటే అడుగు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు ఆ సైకిల్ మేడ మీద ఉందా, కింద ఉందా? మీ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా. పైన తుడిచేస్తే ఏ సైకిలైనా శుభ్రంగానే కనిపిస్తుంది. ఒండ్రు చేరేది చక్రాల నడిమి హబ్బుల్లో, పెడల్ ఇరుసులో, ఫ్రేము గొట్టాల్లో. సీటు రాడ్డుతో సహా పైకి పీకి, సైకిల్ని తలకిందులు చేసి తట్టు. మట్టి గానీ తుప్పు పొడి గానీ రాలిందంటే మునిగిన సరుకే. అంతమాత్రాన వదిలెయ్యక్కర్లేదు, బేరింగు గోళీలు, గ్రీజు మార్చి ఓవరాయిలింగ్ చేయిస్తే మళ్లీ నడుస్తుంది. కానీ పెడళ్ల ఇరుసు దగ్గర గొట్టాలు అతికిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కు. పొలుసులు లేచి మొన లోపలికి దిగితే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

చక్రం పైకెత్తి తిప్పి, రిమ్ముకీ బ్రేకు రబ్బరుకీ మధ్య సందు చూడు. అటూ ఇటూ ఊగితే బెండు, అది తీయించుకోవచ్చు. పెడళ్లు బిగించే రెండు క్రాంకు రాడ్లూ చేత్తో పట్టుకుని పక్కకి ఊపు. టకటకమంటే గోళీలైనా అరిగి ఉండాలి, ఇరుసైనా వదులై ఉండాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుని పక్క నుంచి చూడు. వెనక్కి వంగి ఉన్నా, హ్యాండిల్ కింద పెద్ద గొట్టం దిగువన పెయింటు ముడతలు పడ్డా అది దేన్నో గుద్దుకున్న సైకిల్. ఏ రేటుకైనా వద్దను.

చైనుకి స్కేలు చాలు. ఒక పిన్ను నడిమధ్య సున్నా పెడితే 12 అంగుళాల గీత కూడా సరిగ్గా ఇంకో పిన్ను నడిమధ్యకే రావాలి. ఆ పిన్ను ఎనిమిదో వంతు అంగుళం అవతలికి పోయిందంటే చైను సాగినట్టే. సాగిన చైను పళ్లచక్రాల పళ్లని కూడా తినేస్తుంది, అప్పుడు చైను ఒక్కటీ మారిస్తే సరిపోదు.

ఇక ఆ గేర్ల సైకిల్. చవక షాకబ్జర్బర్లంటే బరువు. ఫ్లైఓవర్ మీద లేచి నిలబడి తొక్కితే నీ బలంలో కొంత స్ప్రింగు కుదుపుకే పోతుంది. వెనక నిలబడి గేరు మార్చే కొక్కెం నిటారుగా వేలాడుతోందా చూడు. ఒక్కసారి పక్కకి పడినా అది లోపలికి వంగిపోతుంది. ఎక్కుడులో అన్నిటికన్నా తేలిక గేరు వేసినప్పుడే అది పోయి పుల్లల్లో పడుతుంది.

నాకైతే లేడీస్ సైకిలే నచ్చింది. వెనక ఫ్రీవీల్‌కి, అంటే వెనక చక్రం మీద చైను తిరిగే పళ్లచక్రానికి, 18 పళ్లుంటే తీయించి 22 పళ్లది వేయించు. చైనుకి ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు. కాలి మీద బరువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. స్పీడు కూడా తగ్గుతుంది, కానీ నాలుగైదు కిలోమీటర్లకి నీకు స్పీడెందుకు?

గుంటూరు టీచరమ్మ:

సుజాత గారూ, నేను స్కూలుకి సైకిల్ మీదే వెళ్తాను. మగవాళ్లకి గుర్తురానిది ఒకటి చెప్తాను, చున్నీ. వెనక చక్రానికి రెండు వైపులా వల లాంటి గార్డు ఉందో లేదో చూడండి, లేకపోతే వేయించండి. చున్నీ చివర్లు ముడేసి నడుముకి కట్టుకోవడం అలవాటు చేసుకోండి. చైన్ కవర్ సగంది కాకుండా పూర్తిగా మూసేదైతే ప్యాంటుకి గ్రీజు అంటదు.

సీటు ఎత్తు ముఖ్యం. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు దాదాపు నిటారుగా రావాలి. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలని సీటు బాగా దించేస్తారు చాలామంది, తర్వాత మోకాళ్ల నొప్పులంటారు. ఇక ఫ్లైఓవర్ మీద అలిసిపోతే దిగి నడిపించండి. ఎవరైనా చూస్తే చూడనివ్వండి.

సింగ్‌నగర్ సుజాత:

అందరికీ థాంక్స్. వెనక వీధి వాళ్లని అడిగితే దాచలేదు, కిందే ఉంది, మునిగింది అన్నారు. మా సందు చివర రిపేరు షాపతనికి చూపించాను. తలకిందులు చేసి తడితే ఎండిన మట్టి రాలింది. ముందు చక్రం తిప్పితే గరగరమంటోంది. స్క్రూడ్రైవర్ మాత్రం ఎక్కడా దిగలేదు, ఫోర్కు కూడా తిన్నగానే ఉంది. ఓవరాయిలింగ్‌కి ఏడొందలు, ఫ్రీవీల్‌కి వేరే అన్నాడు. ఆ మాటే చెప్పి బేరమాడితే వాళ్లు పన్నెండొందలకి దిగారు. కుర్రాడి గేర్ల సైకిల్ కూడా తొక్కి చూశాను. హ్యాండిల్ అందుకోవడానికే ముందుకి పడుకోవాల్సి వచ్చింది, అది వద్దనుకున్నాను.

వెనక టైరు పగుళ్లిచ్చింది, మార్చాలి. దాని మీద 26 × 1 3/8 అని ఉంది. షాపతని దగ్గర 26 × 1.95 ఉందట, రెండూ ఇరవయ్యారే, సరిపోతుంది అంటున్నాడు. నిజమేనా?

బందరు సైకిల్ షాపు:

సరిపోదమ్మా. పేరుకి రెండూ ఇరవయ్యారే గానీ రిమ్ములు వేరు. పాత టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-590 లాంటి నంబరు ఉంటుంది. ఆ 590 రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. 1.95 టైరు మీద 559 అని ఉంటుంది. 590 ఉన్నదే అడిగి తీసుకో.

రిమ్ములు స్టీలువైతే వానలో బ్రేకు సరిగ్గా పట్టదు, ఆగాల్సిన చోటికి చాలా ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రా. పన్నెండొందలు ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద ఫ్రేము నంబరు వేసి, అమ్మినట్టు రాయించుకో. సైకిల్‌కి ఆర్‌సీ ఉండదు కదా. ఆ నంబరు పెడళ్ల ఇరుసు అడుగున గానీ, సీటు కింద గొట్టం మీద గానీ కొట్టి ఉంటుంది. తుప్పుంటే కాస్త కిరసనాయిలు పెట్టి గుడ్డతో రుద్దు, కనిపిస్తుంది.