మనవులన్నీ మానేస్తేనే దేవుని మహిమ కోసం ప్రార్థించినట్టా?

మూసీ గట్టు (నల్గొండ)
అందరికి వందనాలు. మా ఊర్ల బుధవారం రాత్రి గృహ కూడిక ఉంటది. పన్నెండు మందిమి, అరగంట ప్రార్థన. అంతా మనవులకే పోతున్నది: మోకాళ్ల నొప్పులు, బోరు, బ్యాంకు లోను, పిల్లల పరీక్షలు. ఆఖరికి "నీకే మహిమ" అని ఆమెన్ చెప్తున్నం. దేవుని మహిమ ముందు పెట్టాలంటరు గదా, మరి మనవులు బంద్ పెట్టాల్నా? ఎట్ల నడపాలె?

కృష్ణా ఒడ్డు
బంద్ పెట్టొద్దండి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో (మత్తయి 6:9-13) నామము, రాజ్యము, చిత్తము ముందు వస్తాయి. అనుదినాహారం నాలుగోది. వెనక్కి జరిపారు గానీ తీసెయ్యలేదు.

తేడా అంతా "ఎందుకు" అన్న దగ్గర ఉంది. 2 రాజులు 19లో అష్షూరు రాజు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా మందిరంలో యెహోవా ముందు పరిచాడు. అడిగింది సొంత ప్రాణం సంగతే. చెప్పిన కారణం మాత్రం, నీవొక్కడవే దేవుడవని లోకంలోని రాజ్యాలన్నీ తెలుసుకోవాలని. సంఖ్యాకాండం 14లో మోషే వాదనా అంతే: ఈ జనాన్ని చంపితే ఐగుప్తీయులు నీ గురించి ఏమంటారు? (అదే హిజ్కియా తర్వాతి అధ్యాయంలో జబ్బుపడి, నేను యథార్థంగా నడిచాను గదా అని ఏడ్చాడు. దేవుడు అదీ విన్నాడు. కాబట్టి ఎవరి ప్రార్థననీ మధ్యలో ఆపి దిద్దకండి.)

ప్రతి మనవికీ ఒక "ఎందుకంటే" చేర్చమనండి, చాలు.

పాలమూరు చెలక
బోరు సంగతే తీసుకుందాం. యాసంగి వరి పొట్టకొచ్చినంక బోరు పోస్తలేదు. మామూలుగ "ప్రభువా, నీళ్లియ్యి" అంటం. దాన్నే ఇట్ల అడగొచ్చు: "భూమి కింద నీళ్లు దాచింది నువ్వే. మా మడి పారాలె, పక్కోళ్లదీ పారాలె. రాకుంటే అప్పు కోపం ఇంట్ల ఆడోళ్ల మీద తీసి నీ పేరు చెడగొట్టకుండ మమ్ముల పట్టుకో. వస్తే మా తెలివని చెప్పుకోనియ్యకు." నీళ్లు అడగనే అడిగినం, కానీ వచ్చినా రాకున్నా ఆ ఇంట్ల దేవుని పేరు నిలుస్తది.

ఒక్కటి జాగ్రత్త. "ఇది చేస్తే సంఘంల సాక్ష్యం చెప్త" అనేది మహిమ గాదు, బేరం. మొక్కుబడికి పేరు మార్చినట్టు.

కృష్ణా ఒడ్డు
సమయం విషయం. మనవులు చెప్పుకునే కబుర్లే ప్రార్థన కన్నా ఎక్కువ సమయం తింటాయి. రాగానే చీటీల మీద ఒక్కో వాక్యం రాయించండి. ఆ తర్వాత 5 నిమిషాలు ఒక కీర్తన చదవడం (103, 145 బాగుంటాయి), 8 నిమిషాలు అందులో కనిపించిన దేవుని గుణాల మీదే స్తుతి, "ఇవ్వు, చెయ్యి" అనే మాట రాకుండా. 3 నిమిషాలు మౌనంగా పాపాల ఒప్పుకోలు. చీటీలకు 12. చివర 2 నిమిషాల్లో ప్రభువు ప్రార్థన.

మొదటి రెండు వారాలు స్తుతి రెండో నిమిషంలోనే ఆగిపోతుంది. ఊరికే "స్తోత్రం, స్తోత్రం" అని నింపేస్తారు. అలాంటప్పుడు చదివిన కీర్తనలో ఒక్కో వచనం ఒక్కొక్కరికి ఇవ్వండి, దాన్నే తిరిగి దేవునితో చెప్తారు.

నమూనా కావాలంటే అపొస్తలుల కార్యములు 4:24-30 చదవండి. పేతురు, యోహానులను అధికారులు బెదిరించి పంపాక విశ్వాసులంతా కలిసి చేసిన ప్రార్థన అది. సృష్టికర్తతో మొదలై, రెండో కీర్తన మీదుగా నడిచి, అడగడం 29వ వచనంలో గానీ రాదు. అడిగింది కూడా వాక్యం చెప్పే ధైర్యం.

మూసీ గట్టు
మంచిగ చెప్పిన్రు. మా దాంట్ల సగం మంది పెద్దమ్మలు, చదువు రాదు. చీటీలు, వచనాలు ఎట్ల?

పాలమూరు చెలక
చీటీలు పిల్లలతోని రాపియ్యండి. వచనాలకు 117వ కీర్తన పట్టుకోండ్రి, రెండే వచనాలు. నోటికి చెప్తుంటే వాళ్లకు త్వరగనే వస్తది.