'కాచి వడపోయడం' అంటే అన్నీ చదివేయడమేనా?

మొన్న మన సమూహంలో ఒక సభ్యురాలు అడిగారు: "ఆయన వ్యాకరణమంతా కాచి వడపోశారు అంటే మొత్తం చదివేశారనే కదా అర్థం? మరి చదువుకూ కాయడానికీ ఏమిటి సంబంధం?" అప్పుడు ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకున్నాను. నిన్న సాయంత్రం మసాలా టీ కాస్తుంటే ఆ పలుకుబడి పొయ్యి మీద కళ్లెదుటే జరుగుతున్నట్లు అనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

రెండు గ్లాసుల టీ కోసం గ్లాసున్నర నీళ్లు పొయ్యి మీద పెడతాను. అంగుళం అల్లం ముక్క, మూడు యాలకులు, రెండు లవంగాలు, నాలుగు మిరియాలు, గోరంత దాల్చినచెక్క రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచుతాను. మెత్తగా నూరితే గ్లాసు అడుగున మడ్డి దిగుతుంది, దంచకుండా వేస్తే వాటిలోని సారం లోపలే ఉండిపోతుంది. కచ్చాపచ్చా అన్న మాట సరిగ్గా ఈ రెంటి నడుమ ఉన్న స్థితికే పుట్టిందా అనిపిస్తుంది. నీళ్లు తెర్లుతున్నప్పుడు దంచినవి వేసి, సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు మరగనిస్తాను. నీళ్లు లేత పసుపు చాయకు తిరిగాక రెండు చెంచాల టీ పొడి, అది దిగాక గ్లాసు పాలు, చక్కెర. మొదటి పొంగుకే దించను. సెగ తగ్గించి ఇంకో రెండు పొంగులు రానిస్తాను. మన వంటింట్లో పొంగు కూడా ఒక కొలతే, గడియారం చూడనక్కర్లేదు.

అల్లాన్ని పాలలో కాకుండా ముందు నీళ్లలోనే ఎందుకు మరిగించాలంటే, పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైము ఒకటి ఉంది. నీళ్లు మరిగే వేడికి దాని శక్తి పోతుంది. ఇది తెలియక నేను ఎన్నోసార్లు పాలు విరగ్గొట్టుకున్నాను.

ఇక వడపోత. నిన్న జాలీలో మిగిలినదాన్ని పారేయకుండా వేలితో కదిపి చూశాను. అల్లం పీచు తెల్లగా పాలిపోయి ఉంది. యాలకుల తొక్కలు మెత్తబడి వేలికి అంటుకున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి వాసన తప్ప ఘాటు లేదు. ఘాటంతా గ్లాసులోకి వెళ్లిపోయింది. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది: పిప్పి. చెరకు నమిలాక మిగిలేదీ పిప్పే, కషాయం కాచాక మిగిలేదీ పిప్పే.

కాబట్టి కాచి వడపోసినవాడంటే అన్నీ చదివినవాడు కాదు. విషయాన్ని ఓపికగా సెగ మీద పెట్టి, సారం దిగేదాకా ఉండి, పిప్పిని వదిలి సారాన్ని మాత్రం పట్టుకున్నవాడు. ఇందులో రెండు పనులున్నాయి, రెండూ జరగాలి. కాచడంతో ఆగిపోతే పిప్పితో సహా మింగాలి. కాయకుండా వడపోస్తే మిగిలేవి వట్టి నీళ్లే. అందుకే "రాత్రికి రాత్రి పుస్తకమంతా కాచి వడపోశాడు" అని పత్రికల్లో కనిపించినప్పుడు నాకు బాధ కలుగుతుంది. తిరగేశాడు అనవచ్చు, చదివేశాడు అనవచ్చు. రాత్రికి రాత్రి ఏదీ కాగదు.

ఈ పలుకుబడి టీ నుంచి వచ్చిందని నేను అనడం లేదు. అస్సాంలో తేయాకు తోటలు మొదలైందే 1830లలో, టీ మన ఇళ్లలోకి వచ్చింది ఇంకా తర్వాత. దీని పుట్టిల్లు కషాయమేనని నా నమ్మకం. వైద్యులు మూలికలను నీళ్లలో వేసి, నీరు నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో ఇగిరేదాకా కాచి వడగట్టేవారు. 'శొంఠి లేని కషాయం లేదు' అన్న సామెత మనకు ఉండనే ఉంది. అల్లం, మిరియాలు వేసిన టీని ఆ కషాయానికి చుట్టంగానే చూస్తాను. పాలూ చక్కెరా చేరి మందు కాస్తా ఇష్టంగా తాగేదైంది.

ఒక చిన్న వ్యాకరణ విషయం. పాలు కాగుతాయి, మనం కాస్తాం. ఈ కాగు, కాచు రెండింటికీ పాత తెలుగులో అరసున్న ఉండేది: కాఁగు, కాఁచు. చేను కాచేవాడి కాచుకు, చెట్టు కాచే కాచుకు అరసున్న లేదు. అరసున్న పోయాక మూడూ ఒకేలా కనిపిస్తున్నాయి. వడపోతలో ఉన్నది వడియడం, అంటే బొట్టుబొట్టుగా కారడం.

వ్యాఖ్య: చాలా బాగా చెప్పారండీ. కానీ మా ఇంట్లో ఎవరూ 'టీ కాచు' అనరు, 'టీ పెట్టు' అంటాం. అది తప్పా?

జవాబు: తప్పెందుకవుతుందండీ! ఎసరు పెట్టు, చారు పెట్టు అన్నట్లే టీ పెట్టు. పొయ్యి ఎక్కించడంతోనే పనంతా చెప్పేసే మాట అది. నేను గమనించింది ఇంకొకటి. కాఫీని చాలా ఇళ్లలో 'కలుపు' అంటారు, ఎందుకంటే డికాషన్ ముందే వేరుగా దిగి ఉంటుంది, దాన్ని పాలలో కలపడమే మిగిలిన పని. మసాలా టీలో అన్నీ ఒకే గిన్నెలో కలిసి కాగుతాయి గనుక 'కలుపు' అతకదు. నాకు అభ్యంతరమల్లా 'టీ ప్రిపేర్ చేయండి', 'బాయిల్ చేయండి' అని రాసే వంటల శీర్షికల మీదే. కాచు, మరిగించు, తెర్లు, ఇగురు, పొంగు... ఇన్ని స్థాయిలకు ఇన్ని మాటలున్న భాషలో ఒక్క 'బాయిల్'తో సరిపెట్టడం అన్యాయం.

వ్యాఖ్య: తేనీరు అంటే తేనెలాంటి నీరు అని మా మాస్టారు చెప్పేవారు. నిజమేనా?

జవాబు: వినడానికి తియ్యగానే ఉంది గాని, కాదండీ. చైనాలోని ఫుజియన్ తీరంలో ఈ ఆకును 'తే' అంటారు. డచ్చి వర్తకుల ఓడల్లో ఐరోపాకు వెళ్లిన ఆ 'తే'యే ఇంగ్లీషులో టీ అయింది. 'చా' అనే ఇంకో రూపం పారసీకంలో చాయ్‌గా మారి, హిందీ ఉర్దూల మీదుగా మనకు చేరింది. తేనీరులో ఉన్నది ఆ 'తే'యే. తేయాకును చూస్తే ఇంకా స్పష్టం: తే + ఆకు, మధ్యలో యడాగమం. తేనె అయితే 'నె' ఎక్కడికి పోయింది? తేనె + ఈగ తేనీగ అయినప్పుడు అచ్చు వచ్చి కలిసింది. నీరు హల్లుతో మొదలవుతుంది, కాబట్టి తేనెనీరు అనే కావాలి.

వ్యాఖ్య: మరి టీ పొడి అంటాం గాని ఇంట్లో ఎవరూ తేయాకు వేయమనరు, ఎందుకు?

జవాబు: మనకు అందేది పొడిగానే గనుక. ఆకును నలిపి, చీల్చి, చిన్న గుళికలుగా చుట్టే యంత్ర పద్ధతి 1930లలో అస్సాంలో మొదలైంది. ఆ పొడి త్వరగా, చిక్కగా దిగుతుంది. పాలూ మసాలా పడినా దాని రుచి అణగిపోదు. తేయాకు అన్న మాట తోటలకూ పంటకూ మిగిలింది.

వ్యాఖ్య: మీరు 'మరగనిస్తాను' అన్నారు. 'రుచి మరిగిన పిల్లి'లోని మరగడం కూడా ఇదేనా?

జవాబు: భలే పట్టారు! అక్కడ మరగడం అంటే అలవాటు పడి వదలలేకపోవడం. రూపం ఒకటే, అర్థాలు రెండు. చాటు అనే అర్థంలోని మరుగు మాత్రం వేరు, దాన్ని బండి ఱతో మఱుగు అని రాసేవారు. మా అమ్మ సాయంత్రం నాలుగింటికి హాల్లోంచి "మరిగిందా?" అని కేక వేసేది. టీ మరిగి పది నిమిషాలు అయ్యేది, ఆవిడ టీ మరిగి నలభై ఏళ్లు.

చివరగా నాదొక ప్రశ్న. వడపోతకు ఇంత మంచి పలుకుబడి ఉంది గదా, టీ వడపోసే ఆ సాధనాన్ని మేము ఇంట్లో జాలీ అనే అంటున్నాం. మీ ఇళ్లలో పెద్దవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో, ఏ ఊరి మాటో కూడా చేర్చి రాయండి.